కుర్చీ వంతు

కదలొద్దన్నారు మాస్టారు. ఆ మాట చెవిన పడ్డ మరుక్షణం బుజ్జమ్మకి ముక్కు చివర దురద మొదలైంది. మామూలు రోజుల్లో ఉందో లేదో గుర్తుండని ముక్కు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నడిమధ్య, ఇంతమంది ఆడవాళ్ళు తన వంక కళ్ళు చికిలించి చూస్తున్నప్పుడే నేనూ ఉన్నానంటోంది. చేతులు లేని చెక్క కుర్చీ, నిటారుగా వెన్ను, ఒళ్ళో రెండు చేతులు, చూపు ఎదుటి గోడ మీది వాన మరక మీద. పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశారు మాస్టారు, మధ్యలో టీకి లేచినా మళ్ళీ సరిగ్గా అక్కడే పాదాలు ఆనించాలని. ముక్కు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మొహంలో కోపం కనబడకుండా చూసుకోవాలి, అందరూ ఆ మొహాన్నే కదా కాగితం మీదకి దింపుతున్నారు. బొగ్గుపుల్లలు గరగరమంటున్నాయి. అవతల యార్డులో వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, ఆ చప్పుడు బారుగా సాగి మస్తూరీ ఊరి వైపు పోయింది. "దీదీ, ఆజ్ ఆప్ బైఠియే" అన్నారు సన్యాల్ మాస్టారు, ఇవాళ మీరు కూర్చోండి అని, చేతులు జోడించినంత మర్యాదగా. ఆ మర్యాదకే ఒళ్ళు మండింది. ఇవాళ ఇక్కడ వేసిన బొమ్మల్లో ఒకటి కలకత్తా వెళ్తుంది, రైల్వే హెడ్డాఫీసున్న గార్డెన్ రీచ్‌లో రైల్వే కుటుంబాల ఆడవాళ్ళ బొమ్మలన్నీ పెట్టే ప్రదర్శనకి. ఆ సంగతి అందరికీ తెలుసు. కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ వేయలేదన్న సంగతీ అందరికీ తెలుసు. ఎవరిది వెళ్ళినా ఫలానా ఆవిడది మాత్రం వెళ్ళదని తేల్చుకున్నాకే కదా ఆ ఫలానా ఆవిణ్ణి కుర్చీ ఎక్కించడం. ఆమాత్రం తెలియకపోవడానికి ఆమేం చంటిపిల్ల కాదు.

సరిగ్గా ఎదురుగా, వాన మరకకి కాస్త కిందగా, తనూజ. బుజ్జమ్మకి తోటికోడలు, మరిది జయప్రకాష్ భార్య. బిలాస్‌పూర్‌లో పుట్టి ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు మాట మొదలుపెడితే సగం దారిలో హిందీ బండెక్కేస్తుంది. చూడకూడదనుకుంటూనే బుజ్జమ్మ చూపు మరక మీంచి జారి ఆ పిల్ల మీద పడుతోంది. ఒక కాలు మడిచి స్టూలు మీద పెట్టుకుంది, ఆడపిల్ల కూర్చునే తీరేనా అది. పుల్లని వేళ్ళ చివర వదులుగా పట్టుకుంది, ఇవాళో రేపో పడిపోతుందన్నట్టు, పడిపోదు, అదే కడుపుమంట. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఎక్కడ గీస్తోందో తెలిసిపోతోంది. ఇప్పుడు నుదురు. కాస్త దిగింది, కళ్ళు. అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగుతావే తల్లీ, అవేమంత కళ్ళని. అసలు ఈ క్లాసు ఎవరిది? బుధ్వారీ బజారుకి కూరలకి వెళ్తూ ఇన్‌స్టిట్యూట్ గోడ మీద అతికించిన హిందీ కాగితాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది ఎవరు? భర్త పైడిరాజు డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళ కనిపెట్టి, టీ చేతికిచ్చి, అడిగి, మళ్ళీ అడిగి, ఆఖరికి అలిగి ఒప్పించింది ఎవరు? ఆయన సరేనన్నాక అత్తగారు లక్ష్మీనరసమ్మ గుమ్మంలోంచి తీర్పు చెప్పింది: "ఒక్కర్తివీ ఎలగెల్తావు? చిన్నదాన్ని తోడు తీసుకెల్లు." ఆ చిన్నదానికి బొమ్మల మీద రవ్వంత ఇష్టం లేదు, ఆదివారం మధ్యాహ్నం నిద్ర పాడుచేసుకోనంది. అప్పుడు బేరం పెట్టింది కూడా బుజ్జమ్మే. ఆదివారం అంట్లన్నీ నేను తోముతాను, నువ్వు ఊరికే వచ్చి పక్కన కూర్చుంటే చాలు అని. ఇవాళ కూడా తోమే వచ్చింది. మాడిన పాలగిన్నె మసి ఇంకా గోళ్ళలో ఉంది. ఒళ్ళో పెట్టుకున్న ఈ చేతులు కూడా బొమ్మలో పడతాయి కాబోలు, మసితో సహా.

తోడు వచ్చినదానికి కూడా ఒక కాగితం ఇచ్చారు మాస్టారు, ఖాళీగా కూర్చోవడం ఎందుకని. అక్కడే వచ్చింది చిక్కంతా. మొదట పెన్సిలు. బుజ్జమ్మ చేతికి రాయడమంటే నొక్కడమే, పలక మీద గీకి గీకి నేర్చిన చెయ్యి. ఆమె గీసిన జామకాయ కింది కాగితం మీద కూడా లోతుగా పడింది. తుడపాల్సి వస్తే పలక అలవాటునే వేలు నాలిక్కి తాకించి రుద్దింది, కాగితం చిరిగి ఊరుకుంది. తనూజ ఆవులిస్తూ, తగిలీ తగలనట్టు గీసింది. ఆ జామకాయని కొరుక్కు తినొచ్చు. పోనీలే, పెన్సిలొక్కటేనా లోకంలో అనుకుంది బుజ్జమ్మ. ఆ తర్వాత మైనం కడ్డీల రంగులు, సదర్ బజారులో ఇద్దరూ చెరో పెట్టె కొనుక్కున్నారు. బుజ్జమ్మ ఒక్కో కడ్డీతో వేసి, దాని మొహానికి అంటిన పక్క రంగుని పాతగుడ్డతో తుడిచి, చుట్టిన కాగితం చిరక్కుండా మళ్ళీ దాని గూట్లో దాన్ని పడుకోబెట్టేది. తనూజ మొదటి రోజే ఆ కాగితాలన్నీ ఒలిచేసి కడ్డీలు మధ్యకి విరిచింది. ఫట్‌మని ఒకటి, ఫట్‌మని ఇంకొకటి. కొత్త పెట్టె, చేతులెలా వచ్చాయి అనుకుని బుజ్జమ్మ గుండె చివుక్కుమంది. విరిచిన ముక్కని అడ్డంగా పడుకోబెట్టి ఒక్క లాగు లాగిందా, ఆకాశం వచ్చేసింది. బుజ్జమ్మ తన ఆకాశాన్ని గీత పక్కన గీత పెట్టి పొద్దుగూకేదాకా నింపింది, తీరా చూస్తే అది పరుచుకోవడానికి చాపలా ఉంది.

ఇక నీళ్ళ రంగులు ఆమెని నిజంగా ఏడిపించాయి. తెలుపు వేయక్కర్లేదు, కాగితమే తెలుపు, ఆ చోటు వదిలెయ్యండి అంటారు మాస్టారు. వదిలెయ్యడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు, గచ్చు కడిగితే మూల మూలా కడిగే మనిషి. తడి ఆరేదాకా ఆగండి అంటారు. చేతులు ముడుచుకుని ఆగడమనే పని తన కాపురంలో ఆమె ఏనాడు చేసింది గనక. ఆరకముందే దిద్దింది, దిద్దినచోటే మళ్ళీ దిద్దింది, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి బురదైంది. తనూజ కాగితం తడిపి, రంగు వదిలి, కిటికీలోంచి వచ్చే పోయే బళ్ళు చూస్తూ కూర్చుంది. రంగు దాని ఇష్టం వచ్చినట్టు పాకి, ఆగాల్సిన చోట ఆగింది. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి కూడా ఇలాగే కిటికీలోకి చూస్తుంది, పాలు పొంగిపోతాయి, గిన్నె మాడుతుంది, ఆ గిన్నె బుజ్జమ్మ తోముతుంది. ఇంట్లో దాన్ని బద్ధకం అంటారు. ఇక్కడ అదే బద్ధకాన్ని మాస్టారు కాగితంతో సహా పైకెత్తి అందరికీ చూపించి, చూశారా ఈ చేతికి ఎంత ఓర్పు ఉందో అన్నారు. ఓర్పు! ఆ రోజు ఇంటికెళ్ళి బుజ్జమ్మ తన నీళ్ళ రంగుల కాగితాలన్నీ పొయ్యిలో పెట్టింది.

మెడ పట్టేసింది. ముక్కు దురద దానంతటదే పోయి, ఎడమకాలు తిమ్మిరెక్కింది. ఇంతమంది ఇంతసేపు తనని చూడటం ఇదే మొదలు. పెళ్ళిచూపుల్లో పైడిరాజు ఇంతసేపు చూడలేదు, ఒకసారి చూసి బూరె కొరికాడు. జ్వరమొస్తే నుదురు పట్టుకు చూస్తారు, కూర బాగాలేకపోతే తలెత్తి చూస్తారు, అంతే. ఇప్పుడు చూస్తున్నది ఈ పిల్ల, అదీ తూకం వేసే కోమటిలా ఒక కన్ను మూసి. మాస్టారు వంగి ఏదో అడిగితే హిందీలో గలగలా జవాబిచ్చింది, ఆయన నవ్వారు. బుజ్జమ్మ తప్పుల హిందీ ఇన్నేళ్ళైనా "హమ్ కల్ నై ఆతా హై" దగ్గరే ఆగిపోయింది, అంచేత ఆమెతో ఎవరూ అలా నవ్వరు. బయట ఇన్ని మాటలు మాట్లాడే పిల్ల ఇంట్లో మూతి బిగించుకుని తిరుగుతుంది. మధ్యాహ్నం పూట బుజ్జమ్మ అత్తగారి మంచం దగ్గర కూర్చుని తెలుగు వారపత్రిక పైకి చదువుతుంది, మధ్యలో బొబ్బిలి వైపు కబుర్లు కలుస్తాయి, అత్తాకోడళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకునేలా నవ్వుకుంటారు. తనూజ గుమ్మం దాకా వస్తుంది, తలుపు చెక్కకి ఆనుకుని కాసేపు నిలబడుతుంది, ఏమిటని అడగదు, రమ్మన్నా రాదు, వెళ్ళిపోతుంది. పొగరు. కాలేజీ గడప తొక్కానని పొగరు, ఇప్పుడు బొమ్మలు కూడా వచ్చాయి, ఇక పట్టపగ్గాలుంటాయా.

ఆ వేళ్ళ మధ్య ఉన్న పుల్ల ఎవరు కాల్చినదనీ. కిందటి నెల మాస్టారు, వచ్చే వారం అందరూ బొగ్గు తెచ్చుకోండి, బొగ్గుతో వేద్దాం అన్నారు. రైల్వే క్వార్టర్లలో బొగ్గుకి కరువేమిటి. డీజిలు ఇంజన్లు వచ్చి షెడ్‌లో బొగ్గు తగ్గిపోతోందని పైడిరాజు బెంగపెట్టుకున్నాడు గానీ పెరట్లో కుప్ప ఇంకా మోకాలెత్తు ఉంది. అందులోంచి నిగనిగలాడే గడ్డలు ఏరి, కడిగి, ఎండబెట్టి, సంచీ నిండా మోసుకొచ్చి, మీరెవరూ తెచ్చుకోకపోయినా పర్వాలేదంటూ అందరికీ పంచింది బుజ్జమ్మ. ఇంజన్లు తినే రాక్షసి బొగ్గు అది. గీస్తే కాగితం చిరిగింది, గీత పడలేదు. హాలు హాలంతా నవ్వు. మాస్టారు నవ్వు ఆపుకుంటూ, ఇది కాదు దీదీ, సన్నటి పుల్లలు కాల్చి చేసే బొగ్గు అన్నారు. అందరూ ఆపేశాక కూడా తనూజ భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆ వారమంతా బుజ్జమ్మకి అన్నం సయించలేదు. కాలనీ చింతచెట్టు నుంచి వేలెడు పుల్లలు కోసుకొచ్చి, తోలు గీకి, డాల్డా డబ్బాలో కిక్కిరిసేలా పేర్చి, మూతకి బంకమట్టి పూసి కుంపట్లో పెట్టింది. ఒకసారి బూడిదైంది. ఇంకోసారి సగం పచ్చిగా మిగిలిపోయింది. ఆ తర్వాత ఒకనాడు మూత తీస్తే గాజుల్లా గలగలమనే నల్లటి పుల్లలు వచ్చాయి. మాస్టారు ఒకటి తీసుకుని కాగితం మీద మెత్తగా లాగి, ఇలాంటి నలుపు కలకత్తా కొట్లలో కూడా దొరకదు అన్నారు. అప్పట్నుంచీ క్లాసందరికీ బొగ్గు బుజ్జమ్మే కాల్చి తెస్తోంది. ఇన్ని రకాల రంగులు పట్టుకుని చివరికి ఆమె నేర్చింది పుల్లలు కాల్చడం. అంట్లు నావి, బొగ్గు నాది, చివరికి మొహం కూడా నాదే, పేరు మాత్రం దానిది.  గుటక వేయాలన్నా భయమే, మెడ కదులుతుంది.

టీ వచ్చింది, లేవమన్నారు. తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ బుజ్జమ్మ ఎవరి బొమ్మ వైపూ చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్దామనుకుంది. తనూజ వెనక నుంచే దారి. చూడకూడదనుకుంది, చూసింది. బాగుంది. వెన్ను, చేతులు, కొంగు మడత, అన్నీ ఉన్న చోట ఉన్నాయి, తన పెదవి మీది చిన్న గాటుతో సహా. నోరు ఒప్పుకోకపోయినా కళ్ళు ఒప్పేసుకున్నాయి. అంటే ఇదే వెళ్తుంది. పేపర్లో పడుతుందేమో కూడా, జయప్రకాష్ స్వీట్లు పంచుతాడు, అత్తగారు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటుంది, ఎవరో ఒకరు తనని చూసి, నువ్వూ వెళ్తావు కదమ్మా ఆ క్లాసుకి అంటారు. టీ వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. గ్లాసు పెట్టేసి వచ్చి కుర్చీలో కూర్చుంది, పాదాలు సుద్దగీతల్లో బుద్ధిగా పెట్టింది. పాదాలకే కదా గీతలు గీశారు. మెడకి గీయలేదు, భుజాలకి గీయలేదు.

ముందు ఎడమభుజం, వెంట్రుకవాసి. ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారు సిగరెట్టుకి వరండాలోకి వెళ్ళారు. తర్వాత గడ్డం, కొద్దిగా కిందకి, కొద్దిగా పక్కకి. వాన మరకని వదిలేసింది, తనూజ వంకే నేరుగా చూడటం మొదలుపెట్టింది. చేతుల్ని కూడా జరిపింది, ఒక చెయ్యి కొంగుని పట్టుకునేలా. ఇంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు ఆమె, నీళ్ళ రంగులప్పుడు లేని ఓర్పు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందో. తనూజ కాగితాన్ని చూసింది, బుజ్జమ్మని చూసింది, మళ్ళీ కాగితాన్ని చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. గోధుమపిండి ముద్దతో ఒకచోట అద్ది చెరిపింది, మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపింది. ఆనందం. సిగ్గూ ఎగ్గూ లేని ఆనందం, పొట్టలోంచి వేడిగా పైకి వచ్చింది. పక్కనున్న మరాఠీ టీచరమ్మ కూడా చెరుపుకుంటోంది పాపం, ఆవిడ చేసిన తప్పేమీ లేదు, అయినా ఒక్కదాని కోసం అందరివీ పోతే పోనీ. తనూజ పుల్ల కింద పెట్టింది. అరచెయ్యి మొత్తం కాగితం మీద ఆనించి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, బుజ్జమ్మ వెన్ను, చేతులు, పెదవి మీది గాటు అన్నీ కలిపి తుడిచేసింది. అంత బాగా వచ్చినదాన్ని. ఒక్క క్షణం బుజ్జమ్మ ప్రాణం ఉసూరుమంది, అంతలోనే, అయిపోయింది, దాని కలకత్తా అయిపోయింది అనుకుంది.

అప్పుడు తనూజ మడిచిన కాలు కిందకి దింపింది. కిటికీ వైపు చూడలేదు, ఆవులించలేదు. బుజ్జమ్మ కళ్ళలోకే చూస్తూ, కాగితం చూడకుండానే గీయడం మొదలుపెట్టింది, గబగబా, భుజం దగ్గర్నుంచి చెయ్యి ఆడిస్తూ. పుల్ల విరిగింది, ముక్కతోనే గీసింది. పిండిముద్దతో బూడిద రంగులోంచి వెలుతురు లాగింది. ఏమి వేస్తోంది, మోచెయ్యి ఎత్తు చూసినా తెలియడం లేదు, చెయ్యి ఒకచోట నిలవడం లేదు. బుజ్జమ్మకి మళ్ళీ మొదటిలా తిరిగి కూర్చోవాలనిపించింది, వాన మరకని చూడాలనిపించింది. మెడ తిరగలేదు. ఈ పిల్లని చూడకుండా ఉండటం ఇక ఆమె వల్ల కాలేదు.

సమయమైపోయిందని మాస్టారు చప్పట్లు కొట్టారు. దీదీ కదిలిపోయారని ఒకరిద్దరు సణిగారు. ఆయన వరసగా చూస్తూ వచ్చి తనూజ వెనక ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఇదే వెళ్తుంది అన్నారు. తక్కినవాళ్ళు చుట్టూ మూగారు. ఎవరూ బాగుందనలేదు. బొమ్మని చూసి, బుజ్జమ్మని చూసి, చూపు తిప్పుకుని, తమ తమ సామాన్లు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. బుజ్జమ్మ కాలు కుంటుతూ లేచి వెళ్ళి చూసింది. బూడిదలోంచి ఒకావిడ తనని చూస్తోంది. గడ్డం కిందకి, కళ్ళు పైకి, బిగించిన పెదవులు, కొంగుని నలిపేస్తున్న చెయ్యి. ఎదుటి మనిషికి ఒక్క మంచి జరిగితే తట్టుకోలేని మొహం. చదువు రానివాళ్ళు చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి బుజ్జమ్మకి. అంత సిగ్గులోనూ, దవడ కింద ఆ నీడని గీతే లేకుండా ఎలా తెచ్చింది ఈ పిల్ల అని మళ్ళీ కుళ్ళుకుంది.

తనూజ బొగ్గు చేతుల్ని చీరకి తగలకుండా ఎడంగా పట్టుకుని పక్కన నిలబడింది.

"నువ్వు కదిలినావని నాకు తెలుసక్కా. ముందు వేసినది, మత్‌లబ్, ఫొటో లాగుంది. దాన్లో నువ్వు లేవు." గొంతు తగ్గించింది. "నువ్వు వద్దంటే పంపను. సచ్చీ, నిజంగా."

పంపదు. ఈ పిల్ల బద్ధకస్తురాలే గానీ ఆడిన మాట తప్పదు, అది బుజ్జమ్మకి తెలుసు. ఒక్క మాట చాలు. మాట కూడా అక్కర్లేదు, బొగ్గు బొమ్మ ఇంకా పచ్చిది, చెరక్కుండా జిగురునీళ్ళు చల్లలేదు, ఆ కళ్ళ మీద బొటనవేలు ఒక్కసారి రాస్తే ఆవిడెవరో కలకత్తాకి ఎన్నటికీ తెలియదు. వద్దు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంత నలుపు, అంత మెత్తటి నలుపు, తను కాల్చిన పుల్లలోంచి అంత రావచ్చని ఆమెకే తెలియదు. తన చేత్తో ఇది ఎప్పటికీ రాదేమో. రాదేమో అనుకోగానే మంట రెట్టింపైంది. వద్దంటే ఆ మంట చల్లారుతుందా అని తనని తనే అడిగి చూసుకుంది. చల్లారదు, ఇంటిదాకా వస్తుంది, అంట్ల దగ్గర కూర్చుంటుంది.

"పంపు," అంది. అని, ఊపిరి పీల్చుకుని, "వచ్చే ఆదివారం ఆ కుర్చీలో నువ్వు కూర్చో. నేనేస్తాను," అంది.

"అచ్ఛా. ఎలగ కూర్చోమంటావు?"

"ఎలగేటి. నన్ను చూస్తే నీ కడుపులో ఏటనిపిస్తాదో అదే అనుకుంటూ కూర్చో."

తనూజ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. పిండిముద్దని వేళ్ళ మధ్య నలుపుతూ, తల ఎత్తకుండా అంది:

"అలగైతే నా మొహం కూడా ఇలాగే వస్తాదక్కా. అత్త నీతో నవ్వినట్టు నాతో ఒక్కనాడు నవ్విందేటి."

 మూడేళ్ళుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న ఆ మొహంలో, వంచిన ఆ దవడ కింద నీడ ఎక్కడ మొదలవుతోందా అని బుజ్జమ్మ మొదటిసారి వెతకడం మొదలుపెట్టింది.